తొట్టిలో నీళ్ళు చల్లగానే ఉన్నాయి

1999 ఫిబ్రవరి 22, సోమవారం

మళ్ళీ బోరు నీళ్ళే. పూజ గిన్నెల మీద తెల్లటి చారలు. చింతపండు పెట్టి తోమాను, పోలేదు. ఆ గిన్నెతోనే నైవేద్యం పెట్టాను. స్వామి ఏమనుకోడులే.

వరండా నిండా రాగి గొట్టాలు. ముగ్గుకి చోటు లేదు... గడప ముందు చిన్న పద్మంతో సరిపెట్టాను. ఆయన పొద్దున్నే లేచి రంపం పట్టారు. ఫ్యాక్టరీ వాళ్ళు గడువుకి ముందే ఇంటికి పంపేశాక ఆ మొహంలో ఇంత ఉత్సాహం చూడలేదు. తుక్కు బజారు నుంచి పాత కారు రేడియేటరు తెచ్చారు. దాన్ని కడుగుతూ, ఊదుతూ, ఎండలో తిప్పి చూస్తూ — పసిబిడ్డకి స్నానం పోస్తున్నట్టే ఉంది.

అంతా ఆయన తమ్ముడు మురళి ఆఫీసు కోసం. అమెరికా డాక్టర్లు మాట్లాడింది విని టైపు చేసే ఆఫీసు, మాదాపూర్‌లో. మురళి అక్కడ కంప్యూటర్లు బాగుచేస్తాడు. పెద్ద కంప్యూటర్లన్నీ ఒక బీరువాలో పెట్టారట, ఆ గది పొయ్యిలా కాగుతోందట. కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, జనరేటరు దాన్ని లాగలేదు. చిన్న పంపయితే బ్యాటరీ మీద కూడా తిరుగుతుందని ఈయన ఆలోచన. నీళ్ళు గొట్టాల్లో బీరువా లోపలికి వెళ్ళి, వేడిని మోసుకుని బయటికి రావాలి. రేడియేటరులో చల్లారి, తొట్టిలో పడి, మళ్ళీ లోపలికి. నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇంతే.

గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టే కదా అన్నాను. నవ్వారు.

ఫిబ్రవరి 25, గురువారం

మురళి వంతు వేరే. వేడి ఎంతుందో ఎర్ర అంకెల్లో చూపించే డబ్బా. దానికి పొడుగాటి తీగ. తీగ కొస ఎక్కడ పెడితే అక్కడి వేడి చెబుతుంది. హద్దు దాటితే గంట మోగుతుంది.

వంటింట్లో నా కాఫీలో ముంచాడు. తర్వాత నా నుదుటి మీద ఆనించాడు. "జ్వరం లేదు వదినా. కోపం కూడా లేదు." అక్కడితో ఆగక మరుగుతున్న చారులో పెట్టాడు. గంట గణగణమంది.

వరండాలోంచి ఆయన — ఏమిటా మోత?

వెంటనే మురళి గంట ఆపేసి, నా వైపు వంగి, "పరీక్ష చేస్తున్నానని చెప్పు వదినా." నాలుగడుగుల దూరం. వెళ్ళి చెప్పాను. పొయ్యి దగ్గర ఆటలొద్దని చెప్పమన్నారు. వచ్చి చెప్పాను.

ఇది మా ఇంటి పద్ధతి. మురళి అన్నయ్యతో నేరుగా మాట్లాడడు. చిన్నప్పుడు బడి విషయాలైనా, జ్వరమొచ్చినా, ఇప్పుడు ఆఫీసు సంగతులైనా — నాకు చెబుతాడు, నేను భోజనాల దగ్గర ఆయనకి చెబుతాను. ఆయన జవాబు మళ్ళీ నా నోటే. అన్నదమ్ముల మధ్య వయసు తేడా చాలా ఎక్కువ. మామగారు లేరు, తండ్రి అయినా ఈయనే. తండ్రికి ఎదురుగా నిలబడి మాట్లాడే వంశం కాదు మాది. అత్తగారు పోయేనాటికి మురళి ఆరేళ్ళవాడు, నా కొంగు పట్టుకుని పెరిగాడు. నా కడుపున ఎవరూ పుట్టలేదు. వాడుండగా ఆ లోటు తెలియలేదు. "మరిది" అని రాయడానికి చెయ్యి రాదు.

మార్చి 1, సోమవారం

పక్కన కట్టే బిల్డింగు వాచ్‌మన్ భార్య యాదమ్మ అంట్లకి వచ్చి వరండా చూసి నిలబడిపోయింది. "ఏందమ్మా, మాకు తాగనీకి నీళ్ళు లెవ్వు, గా డబ్బాలకు తానం జేపిస్తున్నరా?" ఆయన వరండాలో ఉన్నారని కూడా చూసుకోలేదు. నవ్వు ఆపుకోలేక లోపలికి వచ్చేశాను.

మార్చి 6, శనివారం

ఒంటిపూట. సహస్రనామం చదువుతున్నాను, మధ్యలో వరండాలో ఏదో విసిరిన చప్పుడు. ఒక రాగి పలక గీసుకుపోయిందట. బీరువాలో ఒక్కో కంప్యూటరు మీద బిగించే పలకలు అవి. అద్దాల్లా నునుపు చేశారు. వేలి ముద్ర పడనివ్వరు. పొద్దుట్నుంచీ ఎవరి మీదో తెలియని కోపం.

అప్పుడే మురళి వంటింట్లోకి వచ్చాడు. "వదినా, అన్నయ్య తీగ కొసని తొట్టిలో వేలాడదీశారు. అక్కడ ఉండకూడదు. రాగి పలకకి రంధ్రం చేసి అందులో పెట్టాలి. నీళ్ళు తిరిగినంతసేపే తొట్టి నిజం చెబుతుంది. పంపు ఆగిందనుకో — తొట్టిలో నీళ్ళు చల్లగానే ఉంటాయి, లోపల కాలిపోతూ ఉంటుంది. గంట మోగదు. అన్నయ్యకి చెప్పు. గట్టిగా చెప్పు వదినా."

ఆ పలకలకి రంధ్రమా. ఈ పూట. 

సాయంత్రం ఉప్మా పెట్టాక, మంచినీళ్ళు అందిస్తూ అన్నాను — "మురళి ఏదో, ఆ తీగ ఇంకోచోట పెడితే బాగుంటుందేమో అంటున్నాడు." ఆయన చల్లబడ్డారు అప్పటికి. "తొట్టిలో ఉంటే చాల్లే. పిల్లాడికి ప్రతిదానికీ అనుమానమే" అని లేచారు.

మురళి తలుపు దగ్గర కళ్ళతోనే అడిగాడు. "ఆలోచిస్తానన్నారు" అన్నాను.

వాడి మొహం తేరుకుంది. ఇద్దరూ కడుపునిండా తిన్నారు. ఇంట్లో మాట పైకి రాలేదు. స్వామీ, నీ దయ.

మార్చి 18, గురువారం

ఉగాది. వేప్పువ్వు యాదమ్మ తెచ్చిచ్చింది. పచ్చడి తినగానే మురళి అడిగాడు, అన్నయ్య ఇంకా ఆలోచిస్తున్నారా అని. పండగపూట ఎందుకురా, తర్వాత అడుగుతాలే అన్నాను.

సోమవారం పది గంటలలోపు మంచి ఘడియ ఉందట. ఆఫీసులో ఆ రోజే బిగిస్తారు.

మార్చి 22, సోమవారం

నన్నూ తీసుకెళ్ళారు. మొదటి నీళ్ళు వదిన చేత్తో పోయించాలని మురళి పట్టు. ఆ మాట కూడా నేనే ఆయనకి చెప్పాను... నా గురించి నేనే.

మాదాపూర్ ఎప్పుడు ఇంతలా మారిందో. బండరాళ్ళ మధ్యలోంచి అద్దాల మేడ. లోపల చలి, బయట నిప్పులు. ఆడపిల్లలు చెవులకి డిప్పలు పెట్టుకుని టకటకా కొడుతున్నారు, ఒక్కరూ తల ఎత్తలేదు. మేనేజరు కుర్రవాడు నా చేతిలో కుంకుమ చూసి బూట్లు విప్పేశాడు. తొట్టికి బొట్టు పెట్టాను. గోవింద నామం చెప్పుకుని చెంబుతో నీళ్ళు పోశాను. పంపు చిన్నగా మూలిగింది, గొట్టాలు వణికాయి. కాసేపటికి ఎర్ర అంకెలు దిగడం మొదలుపెట్టాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఆయన మురళి వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. ఇప్పుడు మాట్లాడతారు అనుకున్నాను. నా వైపు తిరిగి — "వాడి అంకెలు దూరం నుంచి కూడా బాగా కనపడుతున్నాయని చెప్పు."

మురళి ఆయన పక్కనే ఉన్నాడు. చెయ్యి చాపితే తగిలేంత. విన్నాడు, తల వంచి నవ్వుకుంటున్నాడు. అయినా నేను చెప్పాను. ముగ్గురం నవ్వాం.

ఈ రోజు చాలు నాకు.

ఏప్రిల్ 2, శుక్రవారం

మేనేజరుకి తెలిసిన ఇంకో ఆఫీసు వాళ్ళు ఇంటికొచ్చి చూసి వెళ్ళారు. ఆయన రెండో రేడియేటరు వెతకడానికి వెళ్ళారు. తలకి రంగు వేసుకున్నారు.

ఏప్రిల్ 9, శుక్రవారం

ఎండ. రాయదుర్గం వైపు బండలు పేలుస్తున్నారు, గోడ మీద దేవుడి పటాలు కదులుతున్నాయి. తొట్టిలో నీళ్ళు ఇగిరిపోతే ఆఫీసులో ఊడ్చేవాళ్ళు బకెట్టుతో బోరు నీళ్ళు పోసేస్తున్నారని మురళి విసుక్కున్నాడు. ఇక్కడి బోరు నీళ్ళు నా గిన్నెల్నే వదలవు. తీగ సంగతి మళ్ళీ అడగలేదు వాడు. నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 20, మంగళవారం

మురళి చెయ్యి...

ఏప్రిల్ 21, బుధవారం

ఆస్పత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాస్తే గాని నిలబడలేను.

నిన్న మధ్యాహ్నం. మేనేజరు చెప్పిందాన్ని బట్టి — పంపు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. గోడ మీద ఎర్ర అంకెలు రోజూ ఉన్నట్టే ఉన్నాయి. గంట మోగలేదు. టైపు చేసే పిల్ల ఒకతి కాలిన వాసన వస్తోందంటే మురళి పరుగెత్తి బీరువా తలుపు తీశాడు. లోపల నిలిచిపోయిన నీళ్ళు కాగి, రబ్బరు గొట్టం మెత్తబడి, పలక నుంచి ఊడిపోయింది. వేడి నీళ్ళు కరెంటు మీద. వెనకాల ఆడపిల్లలు. వాడు మెయిన్ ప్లగ్గు లాగడానికి చెయ్యి లోపల పెట్టాడు.

కుడి చెయ్యి కాలింది. మోచేతి దాకా కట్టు. వేళ్ళు బయటికి కనపడనివ్వడం లేదు.

ఆయన వచ్చారు. మంచం పక్కన నిలబడ్డారు. నేను ఎన్నేళ్ళుగానో ఎదురు చూస్తున్నాను, ఈయన వాడితో నేరుగా ఎప్పుడు మాట్లాడతారా అని. మాట్లాడారు. "నీ గంట ఎందుకు మోగలేదురా?"

చెయ్యి ఎలా ఉందని కాదు. నొప్పిగా ఉందా అని కాదు.

మురళి ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. ఆ చూపు నేను ఈ పుస్తకంలో ఎలా రాయను. అడుగుతున్నట్టు లేదు, తిడుతున్నట్టు లేదు... అర్థమైపోయినట్టు ఉంది. తర్వాత ఆయన వైపు తిరిగి అన్నాడు, "నాదే పొరపాటు అన్నయ్యా."

ఏప్రిల్ 22, గురువారం

గట్టిగా చెప్పు అన్నాడు.

బాగుంటుందేమో అంటున్నాడు — అది నా మాట. ఆలోచిస్తానన్నారు — అదీ నా మాటే. వాళ్ళిద్దరిలో ఎవరూ అనని మాటలు. ఒకడు నిప్పు అని చెబితే నేను గోరువెచ్చన అని అందించాను. రెండోవారు కుదరదంటే చూస్తారని తెచ్చాను. వాడు పాపం, అన్నయ్య ఆలోచిస్తున్నారని ఎదురు చూశాడు.

దీపం పెట్టాను. స్వామి మొహం వైపు చూడలేదు. పాదాల దగ్గరే ఆగాను.

ఏప్రిల్ 23, శుక్రవారం

కట్టు మార్చేటప్పుడు నన్ను బయటికి పంపేశారు. బయటికి వినపడింది.

ఏప్రిల్ 27, మంగళవారం

ఆఫీసు వాళ్ళు సామానంతా ఆటోలో వేసి పంపేశారు. తొట్టి మీద నేను పెట్టిన బొట్టు అలాగే ఉంది. రెండో ఆఫీసు వాళ్ళు కబురు కూడా పెట్టలేదు. ఆయనకి దాని మీద ధ్యాసే లేదు.

పంపు విప్పారు. నోట్లో తెల్లగా సున్నం కట్టి ఉంది. వరండాలో అలాగే కూర్చుండిపోయారు. నేను మజ్జిగ పట్టుకెళ్ళాను. నాతో కాదు, పంపుతో మాట్లాడుతున్నట్టు అన్నారు — పంపు ఆగితే ఆగింది, గంట మోగాలి. తొట్టిలో నీళ్ళు చల్లగానే ఉన్నాయట. చల్లగా ఉంటే ఎలా మోగుతుంది. తీగ కొస పలక మీద ఉండాల్సింది.

పంపు కింద పెట్టి — "చదువుకున్నవాడు. వాడికి తెలియదా? నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

గ్లాసు నా చేతిలోనే ఉంది. చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను. "మజ్జిగ తాగండి" అన్నాను.

మే 2, ఆదివారం

మురళిని ఆస్పత్రి నుంచి పంపించారు. ఇంటికి రాలేదు. మణికొండలో స్నేహితుడి గది ఉందట, కొన్నాళ్ళు అక్కడ ఉంటానన్నాడు. వాడి గది కడిగించి, దుప్పట్లు ఉతికి, మంచం కిటికీ వైపు జరిపి ఉంచాను పొద్దున్న.

ఆటో ఎక్కేముందు నేను ఏదో అనబోయాను. ఆపేశాడు. "నువ్వు ఆయనకి ఏం చెప్పావని నేను అడగను వదినా. అడిగితే నువ్వు చెబుతావు. వద్దు."

ఆయన ఆస్పత్రి మెట్ల మీద, కొంచెం దూరంలో. వాడు ఏమన్నాడని నన్ను అడిగారు. గది దగ్గర్లో ఏదో పని చూసుకుంటాడట అన్నాను. ఇది కూడా నా మాటే... తండ్రీ, ఇంకా నేర్చుకోలేదు.

మే 5, బుధవారం

రెండు కంచాలు. మూడోది కడిగి బోర్లించి, మళ్ళీ తీసి, మళ్ళీ బోర్లించాను.

మే 8, శనివారం

పెరుగన్నం డబ్బాతో మణికొండ వెళ్ళాను. బస్సు దిగి ఎండలో చాలా దూరం నడక. చిన్న గది, రేకుల కప్పు. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. కట్టు చిన్నదైంది. రెండు వేళ్ళు వంగడం లేదు. డాక్టరు ఇంకా చూద్దాం అంటున్నాడట. ఆఫీసు వాళ్ళు రావద్దన్నారట. ఆ సంగతి వాడు చాలా మామూలుగా చెప్పాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

బల్ల మీద అతుకులు వేసే సోల్డరింగు ఐరను, తీగ ముక్కలు. ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. అతుకులన్నీ ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. చిన్నప్పుడు వాడి చేత అ ఆలు దిద్దించింది నేనే. మొదట్లో ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే కుడి చేతికి మార్పించాను.

చెంచా పక్కన పెట్టి నేనే కలిపి పెట్టాను. కాదనలేదు. నాలుగు ముద్దలయ్యాక ఇంక ఆగలేకపోయాను. "నేను మెత్తగా చెప్పానురా" అన్నాను.

వాడు నమిలి, మింగి, నవ్వాడు. "నీకు గట్టిగా చెప్పడం ఎప్పుడొచ్చింది వదినా."

తిట్టినా బాగుండేది.

తర్వాత అన్నాడు, అన్నయ్యతో మాత్రం అనకు. ఆయనకి నా మీద కోపం ఉంటే ఉండనీ. నీ మీద కోపం వస్తే ఆయన ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడతారు.

బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పక్కావిడ కిటికీ సీటు ఇచ్చింది.

మే 11, మంగళవారం

యాదమ్మకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి. అంట్లు తోముతూనే అంతా వింది. "ఫికర్ చెయ్యకు" అంటుందనుకున్నాను. అనలేదు.

"పెద్దసారు నోరు, చిన్నసారు నోరు, రెండూ నువ్వే పట్టుకొని తిరుగుతున్నవ్ గదమ్మా ఇన్నేండ్లు. జర వాళ్ళ నోర్లు వాళ్ళకిచ్చెయ్యి ఇగ."

గిన్నె కడిగి పక్కన పెట్టింది. "మా ఆయనతోటి నేను రోజు కొట్లాడుత. గిట్లయితే ఎన్నడు గాలే."

మే 15, శనివారం

చెప్పాను.

పొద్దున్న పూజ అయ్యాక అక్కడే కూర్చుని, స్వామి ముందు ఒకసారి పైకి అనుకున్నాను, నోరు తడబడకుండా. అప్పుడు వెళ్ళాను. ఆయన పేపరు చదువుతున్నారు.

"మురళి నాతో చెప్పాడండీ. బీరువా బిగించక ముందే చెప్పాడు. తీగ తొట్టిలో ఉండకూడదు, పలకకి రంధ్రం చేసి పెట్టాలి, పంపు ఆగితే గంట మోగదు, గట్టిగా చెప్పు అన్నాడు. నేను మీకు అలా చెప్పలేదు. మీరు వద్దన్నది కూడా వాడికి చెప్పలేదు. ఆలోచిస్తానన్నారని చెప్పాను."

"ఆలోచిస్తానని నేనన్నానా?"

"లేదు."

ఆయన పేపరు మడిచారు. ఇంకోసారి మడిచారు. కోప్పడతారని నిలబడ్డాను. కోప్పడితే నాకు కొంచెం ఊపిరి ఆడేది. "నాతో ఎందుకు చెప్పలేదు వాడు" అన్నారు చివరికి. నన్ను అడిగినట్టు లేదు.

"మీతో వాడు ఎప్పుడు మాట్లాడాడు కనుక. మీరు మాట్లాడనిచ్చారా. నేను మాట్లాడనిచ్చానా."

ఇంత పొడుగు మాట ఆయనతో నేను ఎప్పుడూ అనలేదు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళారు. భోజనానికి పిలిస్తే వచ్చారు. వడ్డించింది తిన్నారు. నాతో మాట్లాడలేదు.

మే 16, ఆదివారం

మాట్లాడలేదు.

మే 18, మంగళవారం

మధ్యాహ్నం వరండాలో డ్రిల్లింగు మిషను చప్పుడు. కిటికీలోంచి చూశాను. అద్దంలాంటి రాగి పలకని బిగించుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, రంధ్రం చేస్తున్నారు. సన్నది. తీగ కొస పట్టేంత. రజను ఊది, వెలుతురుకి ఎత్తి చూశారు. ఎంత చిన్న రంధ్రమో. మిగతా పలకంతా ఎప్పటిలాగే మెరుస్తోంది. ఏమీ పాడవలేదు.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. పెళ్ళయ్యాక రెండోసారి చూడటం — అత్తగారు పోయినప్పుడు ఒకసారి. నేను వెళ్ళలేదు. వెళితే కళ్ళు తుడుచుకుని ఏమీ లేదంటారు. నేను సరే అంటాను.

మే 20, గురువారం

మురళికి గోంగూర పచ్చడి యాదమ్మ కొడుకుతో పంపాను. ఖాళీ సీసా తిరిగొచ్చింది, కడిగి. ఎడమ చేత్తో కడిగి ఉంటాడు. మూత సరిగా పట్టలేదు.

మే 22, శనివారం

ఒంటిపూట. సహస్రనామం మధ్యలో ఆగిపోయాను. ఏ నామం దగ్గరో గుర్తు లేదు. మళ్ళీ మొదట్నుంచి.

మే 23, ఆదివారం

ఈ రోజు ఆయన మాట్లాడారు. పొద్దున్న కాఫీ తాగుతూ, గోడ వైపు చూస్తూ — "మణికొండ వెళ్తావేమో కదా. వాడి చెయ్యి ఎలా ఉందో కనుక్కో. ఇంటికి వచ్చెయ్యమన్నానని చెప్పు."

ఎంత ఆశగా విన్నానో నాకే తెలుసు.  చెప్పులేసుకుని పరిగెత్తాలనిపించింది. దారిలో ఆ మాటకి ఇంకో నాలుగు మాటలు నేనే కలిపేస్తాను, నాకు తెలుసు. అన్నయ్య ఏడ్చారురా అంటాను. నీ కోసమే కూర్చున్నారురా అంటాను. వాడు వచ్చేస్తాడు కూడా. నా మాట మీద వచ్చేస్తాడు.

"మీరే వెళ్ళి అడగండి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశారు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. గ్లాసు జారి సింకులో పడింది. పగల్లేదు.

కాసేపటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఏమని అడగను?"

ఒక్క మాట అందిస్తే చాలు. నోటి చివర ఉంది. పెదవులు కరుచుకుని వంకాయలు తరుగుతున్నాను.

"వాడు మాట్లాడకపోతే?"

 తెలియదండీ అన్నాను.

వెళ్ళారు. గేటు గడియ తీసిన చప్పుడు వినపడింది. స్కూటరు స్టాండు మీంచి దించిన చప్పుడు కూడా. ఇది రాస్తూ చెవి అటే పెట్టి ఉన్నాను... ఇంకా స్టార్టు చేయలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూడను. చూస్తే ఏదో ఒకటి చెప్పేస్తాను. పొయ్యి మీద నూనె కాగుతోంది. గేటు ఇంకా తెరిచే ఉంది.